ముక్కు మీది గీత

...మేకు కాకుండా చెక్కపుల్ల వాడి ఉంటే సరిపోయేది. చెక్కపుల్ల కూడా ఆ బల్ల మీదే ఉంది, మేకు పక్కనే, చేతికి అందేంత దగ్గర్లో. మరి చెయ్యి మేకు వైపే ఎందుకు వెళ్ళినట్టు? తొందరపడ్డాననుకుందామంటే ఆ రోజు తొందర ఏముంది. బడికి వేసవి సెలవులు, బడి వంటింట్లో తన ఉద్యోగానికీ సెలవులు. భర్త క్లింట్ కలప మిల్లులో ఉన్నాడు. షెడ్డులో తనొక్కతే. కాఫీ తాగడానికి ఇంట్లోకి వెళ్ళిన మామగారు తిరిగొచ్చేలోపల, ఇరుక్కుపోయిన తూటాని బయటికి తీసెయ్యాలని మాత్రం ఉంది. అది తొందర కాదు. తొందరలాంటిది ఇంకేదో.

మార్లిస్ పట్టకారుతో తూటా అడుగుభాగాన్ని గట్టిగా పట్టుకుని, కూరగాయల కత్తి మొనతో దాని ముక్కు మీద మెల్లగా గీకింది. వెంట్రుకంత సన్నని సీసపు తీగ లేచి, చుట్ట చుట్టుకుని, ఏప్రన్ మీద పడింది. వేలితో తడిమి చూసింది. ఇంకా ఉంది. కంటికి కనబడదు గాని వేలికి తెలుస్తోంది. మళ్ళీ గీకింది. మొదట్లో పట్టకారు దవడలకి ఫ్లానెల్ గుడ్డ చుట్టుకునేది. గుడ్డ జారుతూ, తూటా చేతిలో తిరిగిపోతూ ఉంటే విసుగొచ్చి తీసేసింది. ఇప్పుడు ఇనుమే నేరుగా పట్టుకుంటోంది, కదలకుండా.

గీత పుట్టింది ఆగస్టులో, ఆమె మొదటిసారి ఒంటరిగా పోత పోసిన రోజున. అచ్చు ఇంకా వేడెక్కకముందే సీసం పోసింది. మొదటి తూటాలు ముసలి చర్మంలా ముడతలు పడి వచ్చాయి. వాటిని తిరిగి సీసం కరిగే మూకుట్లో వేసింది. ఆ తర్వాత వచ్చినదొకటి ఇనుప అచ్చు రెండు సగాల్లో ఒకదాన్ని కరుచుకుని ఊడిరాలేదు. అలా ఇరుక్కుంటే కీలు దగ్గర చెక్క సుత్తితో తట్టాలి. తట్టి ఊరుకుంటే అదే ఊడుతుంది. అచ్చు లోపలికి ఇనుము పోనివ్వకూడదు. నేర్పిన మొదటిరోజున మామగారు గట్టిగా చెప్పినవి రెండే మాటలు. మూకుడి దరిదాపుల్లోకి నీటిచుక్క రానివ్వద్దన్నది ఒకటి, ఇది రెండోది. నీటి విషయంలో ఆమె ఎన్నడూ తప్పలేదు.

తూటా ఊడింది. అచ్చు లోపల ముక్కు చోట సన్నని గాటు మిగిలింది. ఆనాటి నుంచీ ఆ అచ్చులోంచి పుట్టే ప్రతి తూటా ముక్కు మీదా అదే చోట అదే పొడవున ఉబ్బెత్తు గీత. ఒక్కటీ తప్పిపోదు. వాటిని తువ్వాలు మీద చల్లారబెట్టినప్పుడు అన్నీ ఆమె వైపు తిరిగి పడుకున్నట్టే ఉండేవి.

సెప్టెంబరులో ఆమె పోసిన తూటాలతో మామగారు ఆర్విల్ మొదటిసారి కాల్చి, అన్నీ తప్పాడు. గీతని సరిగ్గా గీకలేదు, అందుకే, అనుకుంది మార్లిస్. అందుకే ఈసారి ఇంత పట్టుగా కూచుంది. రేపు కాక ఎల్లుండి శనివారం ఆయన మళ్ళీ కాలుస్తాడు. అదీ తప్పితే ఈ ఏడు ఎల్క్ దుప్పుల వేటకి రానని చెప్పేశాడు. అదే మాట కోసం ఆయన కొడుకూ కూతురూ చలికాలం నుంచీ కాచుకుని ఉన్నారు.

"అమ్మాయ్, ఉన్నావా?"

కత్తీ పట్టకారూ రెండూ ఏప్రన్ జేబులోకి జారిపోయాయి. ఆమె చేతులకి ఆ పని ఇప్పుడు బాగా అలవాటు.

"ఉన్నాను మామయ్యా."

ఆర్విల్ గుమ్మంలో నుంచుని ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు. చలికాలంలో పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి తనంతట తాను వణుకుతుంది. కాల్చడానికి వణుకు ఆయనకి అడ్డు కాదు. నేలమీద కూచుని, కత్తెరలా కట్టిన రెండు కర్రల మీద తుపాకి గొట్టం ఆనించి కాలుస్తాడు. కరిగిన సీసం పొయ్యడానికే అడ్డు. "పోత నేను పోస్తాను మామయ్యా" అని మార్లిస్ అడిగినప్పుడు క్లింట్ నవ్వాడు, ఆర్విల్ నవ్వలేదు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమె లేకపోతే జరగదనే పని ఒకటి ఏర్పడింది అదే మొదటిసారి.

"అయిపోవచ్చాయా?"

"అయిపోయాయి. మైనం కూడా పెట్టేశాను."

తూటాలు గుంటలున్న చెక్క దిమ్మలో బారులుగా నుంచుని ఉన్నాయి, అడుగు కిందికి, ముక్కు పైకి. ఆయన వంగి చూశాడు. ఒకటి తీసి ముక్కు మీద బొటనవేలు రాశాడు.

"నున్నగా ఉన్నాయే."

ఆమె ఏప్రన్ మీది సీసపు తీగల్ని నేలమీదికి దులిపింది.

"ఇదివరకైతే ఒక్కోదాన్నీ కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసేవాణ్ణి. నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత పరీక్షగా చూళ్ళేదు కదయ్యా అని మీ అత్తయ్య ఎత్తిపొడిచేది."

"చూడండి మామయ్యా, కావాలంటే."

"ఎందుకూ, నువ్వు చూశావుగా."

దిమ్మని ఎత్తి గుండెలకి ఆనించుకుని ఇంట్లోకి నడిచాడు. ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూచుని నల్లటి తుపాకిమందు కొలిచి ఇత్తడి గొట్టాల్లో పోశాడు. తూటాని ముక్కు దగ్గర పట్టుకుని పైన కూర్చోబెట్టి, మర మీట కిందికి లాగాడు. లాగగానే తూటా అడుగు ఇత్తడిలోకి దిగిపోయింది, ముక్కు మాత్రం బయట మిగిలింది. నున్నని ముక్కు. మార్లిస్ గిన్నెలు తుడుస్తూ అది చూసి ఊపిరి వదిలింది. ఇక ఎవరు చూసినా చూసేది అంతే.

*

ఊరికి అవతల కంకర తవ్విన గుంత ఉంది. దాని అవతలి గట్టున ఇనుప పలక వేలాడుతుంది, పెద్ద పళ్ళెమంత. ఆర్విల్ పడుచువాడుగా ఉన్నప్పుడు గొలుసులతో తనే వేలాడదీశాడు. తూటా తగిలితే ఠంగుమని మోగుతుంది, మోత గుంతంతా తిరిగి ఆలస్యంగా చెవికి చేరుతుంది.

శనివారం పొద్దున గాలి లేదు. మంచు కంకర మీద తెల్లగా పేరుకుని ఉంది. కొండమీది లార్చ్ చెట్లు పసుపెక్కాయి. క్లింట్ ట్రక్కు వెనక తలుపు దించి, దానిమీద కూచుని కాఫీ తాగుతున్నాడు. మార్లిస్ తూటాల పెట్టె పట్టుకుని మామగారి వెనక నుంచుంది. ఇలా నుంచోమని ఎవరూ చెప్పలేదు.

ఆర్విల్ గోనెపట్టా మీద కూచుని, కర్రలు పాతి, రైఫిల్ ఆనించాడు. ఎడమచెయ్యి కర్రల మధ్య కాసేపు వణికి తర్వాత నిలిచింది. తుపాకి సుత్తి వెనక్కి లాగిన చప్పుడు. తర్వాత పేలుడు, తెల్లటి పొగ మేఘం. ముగ్గురూ చెవులు రిక్కించారు.

ఏమీ మోగలేదు. పలకకి ఎడమపక్క మట్టి లేచింది.

"ఎడం" అన్నాడు క్లింట్.

రెండోది కుడివైపు పైన తగిలింది. మూడోది ఎక్కడ తగిలిందో ఎవరికీ కనబళ్ళేదు. ఆర్విల్ తొందరపడలేదు. ప్రతి పేలుడు తర్వాతా, లోపలి మసి గట్టిపడకుండా, తుపాకి గొట్టంలోకి నోటితో ఆవిరి ఊదాడు. ఇత్తడి గొట్టాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ గుండు పెట్టాడు. ఒకటి ఎడమకి, ఒకటి కిందికి. ఒకే పొరపాటు మళ్ళీ మళ్ళీ చేసే మనిషి తూటాలు ఒకే చోట తప్పుతాయి. ఇవి అలా లేవు. ఎవరో గుప్పిట్లో గింజలు తీసి విసిరినట్టు చెదిరిపోతున్నాయి. ఆ సంగతి మార్లిస్‌కి తోచలేదు. ఆమె గీత గురించే ఆలోచిస్తోంది. ఇంత గీకినా పోలేదా? లోపల ఎక్కడో మిగిలిందా? సీసంలో మిగిలిందా, తనలోనా?

"నాన్నా, ఆ పలక పక్కకి తప్పుకుంటోందేమో వెళ్ళి అడిగి రానా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే వేలాడుతోందది."

"అందుకే, విసుగొచ్చి ఉంటుంది."

ఆర్విల్ నవ్వాడు. నవ్వుతూనే ఇంకొకటి పెట్టి కాల్చాడు. మట్టి లేచింది. ఆయన రైఫిల్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. అద్దాలు లేని ఆయన మొహం చూడటం మార్లిస్‌కి అలవాటు లేదు. దుస్తులు మార్చుకుంటున్న మనిషిని చూసినట్టనిపించి పక్కకి తిరిగింది.

"ఇంకా ఉన్నాయి మామయ్యా" అంది, పెట్టె చూపిస్తూ. తన గొంతు తనకే అసహ్యమనిపించింది.

"ఉండనీ తల్లీ."

కర్రలు పెకలించి, వాటికి అంటిన మంచుమట్టిని తీరిగ్గా గీకేశాడు. అప్పుడు, ఎవరి మొహమూ చూడకుండా, "వేటకి మీరు వెళ్ళిరండి ఈసారి" అన్నాడు.

"గుడారంలో పొయ్యి దగ్గరైనా కూచుందువుగాని రా. బిస్కెట్లు కాల్చే వాళ్ళెవరు మాకు?"

"గాయపడ్డ దుప్పి వెనక మిమ్మల్ని రోజంతా తిప్పడానికా. వద్దు. సరిగ్గా కొట్టలేనివాడు తుపాకి పట్టకూడదు. నీకు నేను చెప్పిన మాటేగా అది."

క్లింట్ మిగిలిన కాఫీ నేలమీద పారబోసి, దగ్గరికొచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో జాలి ఉంది, దానితోపాటు ఒక బరువు దిగినవాడి తేలిక కూడా. మార్లిస్ ఆ తేలికని గుర్తుపట్టింది, ఎందుకంటే లోపలెక్కడో తనకీ అదే కలిగింది. ఇక కాల్చడు. ఇక ఎవరూ తూటాల్ని పరీక్షగా చూడరు. ఆ ఆలోచన ఒక్క క్షణమే ఉండి పోయింది. ఉన్నంతసేపూ హాయిగా ఉంది. దారి పొడుగునా ఆమె ట్రక్కు వెనక సీట్లో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, ఆ హాయిని తలచుకుని చెవులు మండుతూ కూచుంది.

*

రాత్రి భోజనాల దగ్గర బెవ్ ఫోన్ చేసింది. బెవ్ ఆర్విల్ కూతురు, క్లింట్‌కి అక్క. బిల్లింగ్స్‌లో ఉంటుంది. క్లింట్ ఫోన్‌ని బంగాళాదుంపల గిన్నె పక్కన పెట్టి అందరికీ వినబడేట్టు చేశాడు.

"నాన్నా, క్లింట్ చెప్పాడు. మంచి పని చేశావు. నేను రేపు మిసూలా వస్తున్నాను, అటునుంచి అటే వచ్చి తీసుకెళ్తాను రైఫిల్. మా హాల్లో చలిమంట పొయ్యి పైన గోడ ఖాళీగానే ఉంది. అద్దం వేయించి పెడితే రోజూ కళ్ళముందే ఉంటుంది. నువ్వెప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చూసుకోవచ్చు."

"రైఫిల్‌ని చూసుకోడానికా."

"అదే, మమ్మల్నీ చూసినట్టుంటుంది."

"ఇక్కడే ఉంటే ఏం బెవ్ వదినా" అంది మార్లిస్. అనేంతవరకూ తను మాట్లాడబోతున్నట్టు తనకే తెలియదు.

"ఇక్కడుంటే ఊరుకుంటాడా? పొద్దున్నే లేచి ఒక్కడే కొండెక్కుతాడు. నీకేం, నువ్వు ఆయన్ని ఏమీ అనలేవు. పైగా సీసం కరిగించి పోసిస్తున్నావట. నాన్న నిన్ను కూడా పాడుచేశాడు."

అందరూ నవ్వారు. ఫోన్‌లో బెవ్ కూడా నవ్వింది. చెప్పడానికి అదే సమయం. నవ్వు ఆగేలోపల, తేలిగ్గా, 'నేనే అచ్చు పాడుచేశాను' అని అనేస్తే అదీ నవ్వులో కలిసిపోయేది. మార్లిస్ నోరు తెరిచింది. "ఇంకాస్త వడ్డించనా మామయ్యా" అంది.

భోజనమయ్యాక ఆర్విల్ వంటింట్లో రైఫిల్ శుభ్రం చేశాడు. వేడినీళ్ళు గొట్టంలో పోస్తే కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. నల్లగా కారే నీరు తేటపడేదాకా పోశాడు. గుడ్డముక్క మీద గుడ్డముక్క తోశాడు, ఆఖరిది తెల్లగా బయటికొచ్చేదాకా. గోడకి తగిలించే తుపాకికి అంత శుభ్రం అక్కర్లేదు. తర్వాత అలమరలోంచి అచ్చు తీసి, మార్లిస్ ముందు బల్లమీద పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉంచు. బెవ్ దీన్ని గోడకి తగిలించలేదుగా."

"మామయ్యా, ఇది..."

"పాతదే. కాని లోపం లేదు దాన్లో. ఎప్పుడైనా నీకే సరదా పుట్టొచ్చు. నీ చెయ్యి మంచిది, నేను చూశానుగా."

చెక్క పిడులు ఆయన అరచేతుల చెమటకి నల్లబడి ఉన్నాయి. ఆమె అచ్చుని ముట్టుకోలేక, ముట్టుకోకుండా ఉండనూ లేక, పక్కనున్న ఉప్పుడబ్బాని సర్దింది.

*

ఆదివారం పొద్దున క్లింట్ చర్చికి బయల్దేరుతూ పిలిస్తే తలనొప్పి అంది. ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆగి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, గ్యాస్ పొయ్యి వెలిగించింది.

మాటలు ముందే పేర్చుకుంది. నిద్రపట్టని గంటల్లో పేర్చుకున్న మాటలు, పొద్దుటికి బాగా నునుపుదేరాయి. మాటలకన్నా ముందు తూటా కావాలి. గీకని తూటా. ఇంట్లోంచి తెచ్చుకున్న దిమ్మలో మిగిలినవన్నీ గీకినవే.

కారు చక్రాలకి తగిలించే సీసపు బిళ్ళలు, పాత గొట్టం ముక్కలు మూకుట్లో కుంగాయి, అంచుల దగ్గర మెరిశాయి, ఉన్నట్టుండి అద్దంలా పరుచుకున్నాయి. కాస్త తగరం వేసింది. తేనెమైనం ముక్క వేస్తే పొగలేచి మండింది. ఎండుపుల్లతో అడుగుదాకా కలిపి, పైకి తేలిన బూడిదరంగు చెత్తని గరిటెతో తీసేసింది. ఈసారి అచ్చు అంచుని సీసంలో ఆనించి బాగా వేడెక్కనిచ్చింది. గరిటె మూతిని అచ్చు రంధ్రానికి ఆనించి పోసింది. పైన నిలిచిన సీసపు బొట్టు మెరుపు పోయి మసకబారేదాకా ఆగింది. అచ్చు మీది మూతరేకుని చెక్కతో పక్కకి తట్టి, పిడులు విప్పింది. తూటా తువ్వాలు మీద మెత్తగా పడింది. ముడత లేదు, మచ్చ లేదు. అడుగు అంచు పదునుగా, గుండ్రంగా ఉంది. ముక్కు మీద గీత.

"మైనం వాసనొస్తేను" అన్నాడు ఆర్విల్ గుమ్మంలోంచి. ఇంటిచొక్కా మీదే కోటు తొడుక్కున్నాడు. భుజాన తోలు సంచిలో రైఫిల్ ఉంది. "బెవ్ వచ్చేస్తుందని తెచ్చాను. నువ్వేమిటి, అప్పుడే సరదా పుట్టిందా?"

రైఫిల్‌ని తలుపు వారకి ఆనించి వచ్చి బల్ల దగ్గర కూచున్నాడు. మార్లిస్ తువ్వాలుతో తూటాని ఎత్తి, చల్లారిందని చూసుకుని, ఆయన కుడి అరచేతిలో పెట్టింది.

"ముక్కు మీద తడమండి మామయ్యా."

బొటనవేలు నెమ్మదిగా పోయి ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ ఆగింది.

"గీత."

"నేనే చేశాను. ఆగస్టులో. ఒకటి ఇరుక్కుపోతే మేకుతో పొడిచాను."

"మేకుతోనా."

"మీరు వద్దన్నారు."

"అన్నాను."

ఆయన తూటాని వెలుతురులోకి ఎత్తాడు. మార్లిస్ పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పేసింది. "మీ గురి తప్పడం దీనివల్లే. మీ కన్ను కాదు, చెయ్యి కాదు. తప్పు అచ్చుది, అచ్చుకి నాది. వదినకి నేనే చెప్తాను. వేరే అచ్చుతో పోసి చూడండి, పలక మోగుతుంది. నేను ముందే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

ఆర్విల్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"అందుకా, నా మొహం చూడకుండా బంగాళాదుంపలు వడ్డిస్తున్నావు ఇన్నాళ్ళుగా. క్లింట్‌తో పోట్లాడావేమో అనుకున్నాను."

"నవ్వకండి మామయ్యా."

"నవ్వడం లేదు. అచ్చు పోతే పోయింది, ఇనుమేగా. కాని ఇది కాదమ్మాయ్ కారణం." గీత మీద గోరు ఆనించాడు. "ముక్కు సగం చితికినా తూటా దారి తప్పదు. దాన్ని నడిపేది మడమ. ఇదిగో, ఈ అడుగు. గొట్టం వదిలే ఆఖరి క్షణంలో వెనకనించి తన్ను తగులుతుంది. అంచు సమంగా ఉంటే తన్నూ సమంగా తగులుతుంది. ముక్కు మనం చూసుకోడానికి, అంతే."

ఆమెకి వెంటనే కలిగింది సంతోషం. ఒప్పుకోవడమూ అయిపోయింది, నేరమూ లేదని తేలింది. నిలబడి ఉన్నదల్లా గ్యాస్ సిలిండర్ మీద కూచుంది. ఏడుపు కూడా రాబోయింది, తేలికపాటిది, హాయైనది.

"మరి మొన్నటివాటికి గీత కనబళ్ళేదే? నున్నగా ఉన్నాయనుకున్నాను."

"సన్నదిగా. మైనం కింద తెలిసి ఉండదు" అంది మార్లిస్. అంత ఒప్పుకున్నాక ఆ కాస్త దాచుకోవడం పెద్ద విషయంగా అనిపించలేదు.

ఆర్విల్ తల ఊపి, అలవాటుగా చెయ్యి చాపి దిమ్మలోంచి మిగిలిన తూటా ఒకటి లాగాడు. లాగి, ఇప్పుడే మాట్లాడిన మాట చేతిలో ఉన్నవాడిలా, అడుగు అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. వేలు ఆగింది. ఇంకాస్త తిరిగి, సరిగ్గా ఎదురుగా మళ్ళీ ఆగింది.

"ఇదేమిటి?"

అంచుకి రెండు పక్కలా రెండు నొక్కులు. చిన్న చిన్న గాట్లతో, పళ్ళు దిగినట్టు.

"అచ్చు ఇలా చెయ్యదే" అన్నాడు తనలో తను. "అన్నీ ఇలాగే ఉన్నాయా?"

ఏప్రన్ జేబులో పట్టకారు ఆమె తొడకి బరువుగా తగులుతోంది. ఫ్లానెల్ గుడ్డ గుర్తొచ్చింది. గట్టిగా, ఇంకా గట్టిగా, కదలకుండా. సెప్టెంబరు తర్వాత మరీ గట్టిగా. గీత పలకని తప్పించలేదు. గీతని ఊరికే వదిలేస్తే ఏమీ అయ్యేది కాదు.

"లేదు" అంది. "అదొక్కటే. కింద పడింది."

ఆయన చెయ్యి దిమ్మ వైపు సగం దూరం వెళ్ళి ఆగి, వెనక్కి వచ్చింది. "అవున్లే, నువ్వు చూసే ఉంటావు. అన్నీ ఇలా ఉంటే ఎంత మొనగాడికైనా పలక మోగదు. ఒక్కటే కదా." నొక్కులు పడ్డ తూటాని పక్కన పెట్టాడు. తర్వాత తన ఎడమచేతిని బల్లమీద పెట్టి, అది వణుకుతూ ఉంటే, ఎవరిదో అన్నట్టు చూస్తూ కూచున్నాడు. "క్షణంసేపు ఆశపుట్టింది సుమా" అన్నాడు.

బయట కంకర మీద కారు ఆగింది. తలుపు మూసిన చప్పుడు, మడమల చప్పుడు. బెవ్ చలికి చేతులు రుద్దుకుంటూ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"అబ్బ, ఏం కంపు. నాన్నా, సిద్ధమేనా? నేను కూచోను, వెంటనే వెళ్ళాలి. మార్లిస్, ఆదివారం కూడా ఇదేనా? ఇక ఎవరికోసమే?"

"ఊరికే, సరదాకి పోస్తోంది" అన్నాడు ఆర్విల్, ఆమె తరఫున. లేవబోయి బల్ల అంచు పట్టుకున్నాడు.

బెవ్ తలుపు వారనున్న తోలు సంచిని పైకెత్తి చూసింది. "ఇంత బరువా? గోడ మేకు ఆగుతుందో లేదో."

మార్లిస్ లేచింది. ఆయన లేవకముందే వెళ్ళి ఎదురుగా నుంచుని, ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది. కత్తి మొన వేలికి గుచ్చుకుంది. దాన్ని దాటి పట్టకారుని బయటికి తీసింది. పక్కన పెట్టిన తూటాని ఎత్తి, దవడలు తెరిచి, అడుగు అంచుని పట్టించింది. పట్టకారు పళ్ళు ఆ రెండు నొక్కుల్లో, వెతుక్కోనక్కర్లేకుండా, ఇంటికొచ్చినట్టు కూర్చున్నాయి. అలాగే ఆయన చేతికిచ్చింది.

"ఏమిటది?" అంది బెవ్.

ఆర్విల్ పట్టకారు వైపు చూశాడు, తూటా ముక్కు వైపు చూశాడు, అక్కడ కత్తి నున్నగా చేసిన చోటు వైపు. తర్వాత ఆమె వైపు. ఈసారి ఆయన నవ్వలేదు.

మార్లిస్ తల దించుకోలేదు. దించుకోవాలని మెడ లాగుతూనే ఉంది. దిమ్మలోంచి ఇంకో తూటా తీసి, అడుగు పైకి తిప్పి, ఆయన ఖాళీ చేతిలో, వణికే చేతిలో పెట్టింది. తర్వాత ఇంకొకటి తీసింది.